చెరువు కట్టినవారు – నీరు కాచినవారు: తెలుగునాట చిన్ననీటి వనరుల నిర్వహణ చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగునాట నీటిపారుదల చరిత్రను రాసేటప్పుడు రెండు ఘట్టాలు తప్పక ప్రస్తావనకు వస్తాయి. మొదటిది కాకతీయ, విజయనగర పాలకుల కాలంలో సాగిన తటాక నిర్మాణం. రెండవది 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద జరిగిన గోదావరి ఆనకట్ట నిర్మాణం. ఈ రెండూ నిర్మాణ ఘట్టాలే. కట్టిన చెరువును వందల ఏళ్లపాటు పనిచేయించినవారు ఎవరు, వారి శ్రమకు ప్రతిఫలం ఎక్కడి నుంచి వచ్చింది, ఆ ఏర్పాటు ఎప్పుడు సడలింది అనే ప్రశ్నలకు చరిత్ర రచనలో దక్కిన చోటు తక్కువ.

ఈ ప్రశ్నలు గతానికి మాత్రమే పరిమితమైనవి కావు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం 2 హెక్టార్లకు లోపువే. ఈ చిన్న కమతాల రైతులలో చాలామందికి పెద్ద ప్రాజెక్టుల కాలువ నీరు అందదు. చెరువు, కుంట, బావి, బోరు వీటిలో ఏదో ఒకటే వారికి ఆధారం. ప్రభుత్వ పరిభాషలో 2,000 హెక్టార్ల లోపు ఆయకట్టు గలవన్నీ చిన్నతరహా నీటిపారుదల వనరులు. పేరుకు చిన్నవే అయినా చిన్న రైతు బతుకు వీటిపైనే నిలిచి ఉంది.

శాసనాలు, కావ్య సంప్రదాయం, వ్యవసాయ వృత్తి పదజాలం, 19వ శతాబ్దం నుంచి వచ్చిన చట్టాలు ఈ నాలుగు ఆధారాలతో చిన్ననీటి వనరుల నిర్వహణ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఆక్రమణలు, వర్షాభావం, పరీవాహక ప్రాంతంలో వచ్చిన మార్పులు చెరువుల క్షీణతకు కారణాలని అందరూ అంగీకరిస్తారు. వాటితో పాటు, నిర్వహణ కోసం ప్రత్యేకించిన స్థిరమైన ఆదాయం తెగిపోవడం అంతకంటే ముందునుంచీ పనిచేసిన కారణమని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

సంతానంగా తటాకం

తెలుగు కవులకు సప్తసంతానాల భావన సుపరిచితం. తనయుడు, తటాకం, కృతి, నిధానం, దేవాలయం, వనం, అగ్రహారం ఇవి మనిషి తరువాత కూడా అతని పేరు నిలబెట్టే ఏడు సంతానాలు. కృతిని అంకితం పుచ్చుకునే ప్రభువుకు కవి ఈ జాబితాను గుర్తుచేయడం ప్రబంధావతారికల్లో ఒక మర్యాద. కావ్యానికీ చెరువుకూ ఒకే వరుసలో చోటు దక్కింది. కర్త కీర్తిని మోయడమే రెండింటికీ ఉమ్మడి ధర్మం.

కాకతీయుల కాలపు తటాక శాసనాల స్వరం ఈ భావనకు అనుగుణంగానే ఉంటుంది. రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఆలయంతో పాటు చెరువును నిర్మించాడు. అక్కడి శాసనం 1213 నాటిది. పాఖాల చెరువును గణపతిదేవుని కాలంలో జగదాళు ముమ్మడి కట్టించాడు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు కట్టించి వేయించిన శాసనం కాకతీయుల వంశచరిత్రకు ముఖ్యాధారమైంది. చరిత్రకారులు ఆ శాసనాన్ని ప్రధానంగా వంశావళి కోసమే చదివారన్నది గమనించదగిన విషయం.

తటాక నిర్మాణ శాస్త్రాన్ని వివరించే శాసనాల్లో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనానిది ప్రత్యేక స్థానం. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటి ఈ సంస్కృత శాసనాన్ని మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు (భవదూరుడు) వేయించాడు. అనంతరాజసాగరం అనే ఆ చెరువు నిర్మాణంలో రోజుకు వెయ్యిమంది చొప్పున రెండేళ్లు పనిచేశారని, రాయి తోలడానికి వంద బండ్లు నడిచాయని అందులో ఉంది. ఉత్తమ తటాకానికి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు కూడా చెప్పారు. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అయిన రాజు. జలశాస్త్రం ఎరిగిన బ్రాహ్మణుడు. గట్టి బంకమన్ను నేల. మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీయని నీటి నది. చెరువును ఆనుకొన్న కొండ. దాని భాగాల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట. విశాలమైన లోతైన గర్భం. పొడవైన రాళ్లు దొరికే గని. సమతలమైన సారవంతమైన పొలాలు. నిర్మాణంలో నేర్పు గల పనివారు మొదలైనవి అంగాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో మెట్ట, నీరు కొద్దిగా ఉండి ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి చాలకపోవడం దోషాలు.

ఈ జాబితాలోని సాంకేతిక వివేకాన్ని పలువురు మెచ్చుకున్నారు. నీటికీ ఆయకట్టుకూ నిష్పత్తి కుదరకపోవడాన్ని దోషంగా గుర్తించడం నేటి ఇంజనీరు కూడా ఒప్పుకునే సూత్రం. సరిహద్దు చెరువును దోషంగా లెక్కించడం నీటి తగాదాల అనుభవం నుంచి వచ్చినదే కావాలి. అయితే ఈ పన్నెండు అంగాల్లో రాజు ఉన్నాడు, శాస్త్రజ్ఞుడు ఉన్నాడు, కట్టేవాడు ఉన్నాడు. తూము తీసి మూసేవాడు లేడు. ఏటా పూడిక తీసేవాడు, కట్టకు పడిన గండిని రాత్రివేళ పూడ్చేవాడు లేడు. చెరువును ఆవిర్భావ క్షణం నుంచి చూసే ప్రశస్తి ప్రక్రియకు ఇది సహజమైన పరిమితి. చెరువును సంతానమని పిలిచిన సంప్రదాయం దాని పెంపకం గురించి ఇక్కడ మౌనంగా ఉంది. ఆ సమాచారం కోసం మరో రకం శాసనాలను చూడాలి.

దశబంధం: నిర్వహణకు కట్టిన ఆదాయం

రాయలసీమలోనూ దానికి ఆనుకొన్న కన్నడ ప్రాంతంలోనూ దొరికే దానశాసనాల్లో దశవంద, దశబంధ అనే మాటలు తరచు కనిపిస్తాయి. చెరువును కట్టినవారికి, లేదా తెగిపోయిన చెరువును బాగుచేసినవారికి దాని కింది భూమిలోనో ఫలసాయంలోనో కొంత వాటాను పన్ను లేకుండా వంశపారంపర్యంగా ఇచ్చే ఏర్పాటు ఇది. పేరులో పదోవంతు అనే భావం ఉన్నా, ఇచ్చిన వాటా అన్నిచోట్లా ఒకటే కాదు. ఏర్పాటులోని సూత్రం మాత్రం స్పష్టం. చెరువు పారితేనే ఆ భూమి పండుతుంది. భూమి పండితేనే దశబంధదారుకు ఆదాయం. మరమ్మతు చేయకపోతే అతని వాటా కూడా ఎండిపోతుంది. ఖజానా నుంచి ఏటా డబ్బు రానవసరం లేకుండా చెరువు తన నిర్వహణ ఖర్చును తానే సంపాదించుకునే పద్ధతి ఇది.

దేవాలయాలు కూడా ఇటువంటి పాత్ర పోషించాయి. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాల ప్రకారం, భక్తులు సమర్పించిన ధనాన్ని ఆలయం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చించింది. దానివల్ల పెరిగిన పంటతో దాత పేరిట నైవేద్యం జరిగేది. నైవేద్యం నిత్యకృత్యం కాబట్టి నీరు కూడా నిత్యం పారవలసిందే. దాత కోరుకున్న పుణ్యానికి చెరువు నిర్వహణ ఒక షరతు అయింది.

ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి భాగాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. దేశం విస్తీర్ణంలో చిన్నదైనా చెరువులు, కాలువలు తవ్వించి, పేదసాగుదారుకు పన్నులోనూ పాలులోనూ సడలింపు ఇస్తే రాజుకు అర్థధర్మాలు రెండూ పెరుగుతాయన్నది అక్కడి సూచన. ఈ పద్యాన్ని కృష్ణదేవరాయల తటాక నిర్మాణాభిలాషకు సాక్ష్యంగా ఉదాహరించడం పరిపాటి. కానీ అందులో చెరువుతో పాటు రెండో షరతు ఉంది. నీరు వచ్చినా పన్ను భారం తగ్గకపోతే పేదరైతు నిలబడలేడన్న గ్రహింపు అది. సాగునీటి విధానాన్నీ చిన్న రైతు ఆర్థిక స్థితినీ ఒకే పద్యంలో ముడివేసిన ఈ ఆలోచనకు విమర్శకులు మరింత ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంది.

నీరుగంటి: నీటి పంపకపు మనిషి

దశబంధదారు చెరువు మరమ్మతుకు బాధ్యుడైతే, రోజువారీ నీటి పంపకానికి బాధ్యుడు నీరుగంటి. ప్రాంతాన్ని బట్టి నీరుగట్టి, నీరటి, నీరడి అనే రూపాలు వాడుకలో ఉన్నాయి. తూము తీయడం, మూయడం, పంటకాలువల వెంట తిరిగి ఏ మడికి ఎంత తడి అందిందో చూడడం, వానాకాలంలో కట్టను కనిపెట్టి ఉండడం, అలుగు పొంగే వేళ ఊరిని హెచ్చరించడం అతని పనులు. ప్రతిఫలంగా కొద్దిపాటి మాన్యం, కళ్లం దగ్గర ప్రతి రైతు కొలిచి ఇచ్చే మేర అందేవి. పంట పండితేనే మేర దొరుకుతుంది కాబట్టి ఆయకట్టు చివరి మడి కూడా పండడం అతని స్వప్రయోజనం.

నీరు తక్కువైన ఏడాది ఈ వృత్తి ప్రాముఖ్యం బయటపడుతుంది. చెరువు సగమే నిండితే ఎంత ఆయకట్టుకు వరి వేయాలో ఊరి పెద్దలు నిర్ణయించేవారు. ఆ నిర్ణయాన్ని వంతుల లెక్కన పొలంలో అమలుచేసేవాడు నీరుగంటి. వంతు తప్పితే ముందుగా నష్టపోయేది కాలువ చివరి రైతు. తూము దగ్గరి రైతు అడగకపోయినా నీరు పొందగలడు. చివరి రైతుకు మధ్యవర్తి కావాలి.

ఈ వ్యవస్థను ఆదర్శీకరించడం సరికాదు. చాలాచోట్ల ఈ పని దళిత కుటుంబాలకు వంశపారంపర్యంగా వచ్చింది. ఆయకట్టులో సొంత భూమి లేనివాడు పక్షపాతం చూపడన్నది ఊరు చెప్పే సమర్థన. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, నీటిని పంచేవాడికి ఆ నీటితో పండే భూమిలో హక్కు లేకుండా చేసిన కుల వ్యవస్థ కూడా అందులోనే దాగి ఉంది. నీటి న్యాయానికి ఊరు ఎవరిమీద ఆధారపడిందో వారికే భూమి విషయంలో న్యాయం జరగలేదు. చెరువు కట్టించిన ప్రభువుల పేర్లు రాతిమీద నిలిచాయి. నీరుగంటుల పేర్లు అలా నిలవలేదు. ఇంటిపేర్లలోనో పొలాల పేర్లలోనో ఆ వృత్తి జాడలు వెతకవలసి ఉంటుంది.

బావి మీద సేద్యం: పదజాల సాక్ష్యం

చెరువు కింద భూమి లేని చిన్న రైతుకు బావి ఆధారం. ఇక్కడ శాసనాల కంటే వృత్తి పదజాలం ఎక్కువ చెబుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. ఈ రంగంలో పనిచేసేవారికి అది ఇప్పటికీ మొదటి మెట్టు.

తక్కువ లోతు నుంచి ఇద్దరు మనుషులు నీరు చల్లే గూడ, మనిషి బరువుతో నడిచే ఏతం, ఎడ్ల బలంతో నడిచే మోట లేక కపిల ఇవి ప్రధాన సాధనాలు. లోతు పెరిగేకొద్దీ సాధనం మారుతుంది. సాధనం మారేకొద్దీ దానికి కావలసిన మనుషులూ పెరుగుతారు. మోటకు ఎడ్ల జత, తోలేవాడు, మడి కట్టేవాడు కావాలి. గిలకకు వడ్రంగి, తోలు తొండానికి చర్మకారుడు, మోకు పేనేవాడు కావాలి. వీరికి చెల్లింపు ఎక్కువగా పంట మీద ధాన్యరూపంలో ఉండేది. అన్నదమ్ములు పంచుకున్న బావిలో రోజుల లెక్కన వంతులు ఉండేవి. వంతు, తడి, మేర అనే మాటలు చెరువు కిందా బావి కిందా ఉమ్మడిగా వినిపించడం యాదృచ్ఛికం కాదు. నీరు ఎక్కడిదైనా దాన్ని కొలిచి పంచాలన్న ఆలోచన ఆ మాటల్లో స్థిరపడింది.

ఏతం పాటలను, మోట పాటలను జానపద సాహిత్య పరిశోధకులు శ్రామిక గేయాలుగా వర్గీకరించి, శ్రమను మరిపించడాన్ని వాటి ప్రయోజనంగా చెప్పారు. అంకెలను వరుసగా కలుపుకొంటూ సాగే ఏతం పాటలను గమనిస్తే వాటికి లెక్క అనే మరో ప్రయోజనం కూడా ఉందని చెప్పవచ్చు. ఎన్ని బొక్కెనలు తోడారో పాటే చెబుతుంది. ఉమ్మడి బావి దగ్గర ఆ లెక్క వంతుకు కొలమానం కాగలదు.

వలస పాలన: ఆదాయం ఒకచోట, బాధ్యత మరొకచోట

ఈస్టిండియా కంపెనీ పాలనలో భూమిశిస్తు స్థిరపడే క్రమంలో నిర్వహణ సూత్రం దెబ్బతిన్నది. రైతువారీ పద్ధతిలో తరి భూమికి మెట్ట భూమి కంటే ఎక్కువ శిస్తు విధించారు. చెరువు వల్ల పెరిగిన ఆదాయం ప్రభుత్వానికి చేరింది. చిల్లర మరమ్మతుల బాధ్యత మాత్రం గ్రామంమీదే ఉండాలని పాలకులు ఆశించారు. దశబంధంలో కలిసి ఉన్న ఆదాయమూ బాధ్యతా ఇక్కడ విడిపోయాయి.

గ్రామస్థులు ఉచితంగా చేయవలసిన మరమ్మతు పనికి మద్రాసు పాలనలో స్థిరపడిన పేరు కుడిమరామత్తు. సాగుదారు, ప్రజ అనే అర్థాలు గల తమిళ పదానికి అరబీ మూలం గల మరామత్తు చేరి ఏర్పడిన మాట అది. మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టాన్ని చేసి, కట్టలు తెగే ప్రమాదంలో గ్రామస్థులు పనికి రావలసిందేనని నిర్దేశించింది. ఆచారంగా వస్తున్న మరమ్మతు పని చేయనివారిపై చర్యకూ అవకాశం కల్పించింది. ఆచారానికి చట్టం అవసరమైందంటే ఆచారం అప్పటికే సడలిందని అర్థం. పంటలో వాటా ద్వారా జరిగిన పనిని శిక్షాభయంతో జరిపించాలన్న ప్రయత్నం ఫలించలేదు.

అదే 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ మాన్యాల హక్కులను విచారించి క్రమబద్ధం చేసింది. కడప, అనంతపురం, చిత్తూరు ప్రాంతాల్లో దశబంధ ఇనాములు చెరువు మరమ్మతు షరతుతో ఆ తరువాత కూడా కొనసాగాయి. కాని భూమి చేతులు మారుతూ వాటాలుగా చీలుతూ పోయినప్పుడు షరతును ఎవరి మీద అమలుచేయాలో తేల్చడం కష్టమైంది. 1876–78 నాటి ధాత కరువు, 1880 నాటి కరువు కమిషన్ నివేదికల తరువాత మద్రాసు ప్రభుత్వం 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం ప్రారంభించింది. ఒక్కో చెరువుకు కట్ట ఎత్తు, అలుగు మట్టం, తూముల కొలతలు, ఆయకట్టు నమోదుచేస్తూ మెమోయిర్లు తయారయ్యాయి. చెరువు చరిత్రకు ఇవి విలువైన పత్రాలు. అయినా పోరుమామిళ్ల శాసనం లాగే ఇవి కూడా నిర్మాణాన్ని కొలిచాయి; బాగుచేసిన చెరువును ఆ ప్రమాణంలో నిలపడానికి ఏటా కావలసిన సొమ్ముకు స్థిరమైన వనరును చూపలేదు.

స్వాతంత్ర్యానంతరం: బోరు, సంఘం, పునరుద్ధరణ

ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి ఇనాముల రద్దు చట్టం ఇనాం భూములను రైతువారీ పట్టాలుగా మార్చడానికి దారితీసింది. సామాజికంగా అది న్యాయమైన చర్య. నీరటి, తలారి వంటి వృత్తులవారు క్రమంగా ప్రభుత్వ గ్రామ సేవకులయ్యారు. మేర స్థానంలో జీతం రావడం వారి గౌరవానికి మేలుచేసింది. అయితే వారి పని రెవెన్యూ కార్యాలయం వైపు మళ్లింది. తూము దగ్గరి పనికి ప్రత్యేకంగా మరొకరిని నియమించలేదు. వంద ఎకరాల లోపు ఆయకట్టు గల చెరువులు పంచాయతీరాజ్ సంస్థలకు, అంతకు మించినవి నీటిపారుదల శాఖకు చేరాయి.

విద్యుత్ మోటారు, ఆపై బోరుబావి రాకతో చిన్ననీటి వనరుల స్వభావం మారింది. ఆయకట్టులోనే బోరు వేసుకోగలిగిన రైతుకు చెరువు తూముతో పని తగ్గింది. అతను పూడికతీతకు రావడం మానినప్పుడు ఆ భారం బోరు లేని రైతులపై పడింది. చెరువు పాడైతే భూగర్భజలం కూడా తగ్గుతుంది. అప్పుడు మరింత లోతుకు వెళ్లే స్తోమత ఉన్నవాడికే నీరు దొరుకుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. మొదటిది భూగర్భజల వినియోగానికి హద్దు విధించాలని చూసింది. రెండవది తోడకానికి అయ్యే ఖర్చును తొలగించింది. ఉచిత విద్యుత్తు చిన్న రైతుకు ఊరట కలిగించిందనడంలో సందేహం లేదు. కాని వంతు అనే మాటకు బోరు సేద్యంలో మిగిలిన చోటు కరెంటు వచ్చే వేళల్లో మాత్రమే.

ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం 1997లో వచ్చి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు పునాది వేసింది. నిర్వహణను శీర్షికలోనే చేర్చిన మొదటి ప్రయత్నంగా దీనికి ప్రాముఖ్యం ఉంది. ఓటు హక్కును ఆయకట్టు భూమికి ముడిపెట్టడంతో పాత నీరుగంటి వంటి భూమి లేని నిపుణుడికి ఇందులోనూ నిర్ణయాధికారం దక్కలేదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన మిషన్ కాకతీయ 46,531 చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. తీసిన పూడికను రైతులు తమ పొలాలకు తోలుకోవడం దీనిలోని మంచి అంశం. పాత పద్ధతిలో లాగా మరమ్మతు చేసినవారికే దాని ఫలం చేరింది. పథకం పేరు కాకతీయులను స్మరిస్తుంది. ఆ స్మరణ కూడా నిర్మాతల స్మరణే.

ఈ సందర్భంలో రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన విలేజ్ రిపబ్లిక్స్ గ్రంథం గమనార్హం. కర్నూలు జిల్లాలోని కాలువ కింది గ్రామాలను ఆయన పరిశీలించాడు. కాలువ చివర ఉండి నీటి కొరతను ఎదుర్కొనే గ్రామాలే సొంతంగా ఉమ్మడి నిధి ఏర్పరచుకొని, దాని నుంచి నీరు పారించేవారికి, పొలం కాపలాదారులకు జీతం ఇస్తున్నాయని ఆయన చూపాడు. ఈ గ్రామ మండళ్లు అధికారిక పంచాయతీలకు భిన్నమైనవి. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ఉమ్మడి వనరులపై చేసిన సిద్ధాంత చర్చలో ఈ పరిశోధన కూడా ఒక ఆధారమైంది. అంటే నీరుగంటి అవసరాన్ని చట్టం మరచిన కాలంలో కూడా నీరు చాలని గ్రామాలు మరచిపోలేదు. వంశపారంపర్య కులవృత్తిగా కాక, జీతం తీసుకునే ఉద్యోగంగా ఆ పనిని అవి మళ్లీ నిర్మించుకున్నాయి.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. తటాక ప్రశస్తులు నిర్మాతను మాత్రమే స్మరించగా, దశబంధ శాసనాలు, గ్రామవృత్తులు, వ్యవసాయ పదజాలం నిర్వాహకుణ్ణి చూపుతున్నాయి. చెరువు నుంచి వచ్చే ఆదాయంలో ఒక భాగం తిరిగి చెరువుకే చేరే ఏర్పాటు ఉన్నంతకాలం చిన్ననీటి వనరులు నిలిచాయి. 19వ శతాబ్దంలో శిస్తు ఒకచోటికీ బాధ్యత మరొకచోటికీ చేరినప్పుడు క్షీణత మొదలైంది. ఆ తరువాతి పునరుద్ధరణ పథకాలు కట్టను బాగుచేసినంతగా ఆ ఏర్పాటును బాగుచేయలేదు. అందుకే ఒకసారి బాగుచేసిన చెరువును కొన్నేళ్లకే మళ్లీ బాగుచేయవలసి వస్తోంది. ఈలోగా ఆయకట్టు చివరనున్న రైతు సాగు వదులుకోవడమో, అప్పుచేసి బోరు వేయడమో జరుగుతోంది.

పాత కులవృత్తిని తిరిగి తేవాలన్నది ఈ వ్యాస ఉద్దేశం కాదు. తూముకు ఒక మనిషి, ఆ మనిషికి ఊరు ఇచ్చే నిలకడైన జీతం, చివరి మడి వరకు నీరు చేర్చే బాధ్యత అనే మూడు అంశాలు ఏ కాలంలోనైనా చిన్ననీటి వనరుకు అవసరం. తెలుగు శాఖల పరిశోధకులు ఈ విషయంలో చేయదగిన పని చాలా ఉంది. దానశాసనాల్లోని మరమ్మతు షరతులను జిల్లాల వారీగా సంకలనం చేయాలి. మాండలిక వృత్తి పదకోశం తరువాత అరవై ఏళ్లలో నీటి పదజాలంలో వచ్చిన మార్పులను నమోదుచేయాలి. అన్నిటికంటే ముందు, నీరు కాచిన తరంలో మిగిలిన వృద్ధుల నోట వంతుల లెక్కలను, తూముల పేర్లను, కరువు ఏళ్ల తీర్పులను రికార్డు చేయాలి. మొదటి రెండు పనులు కొంత ఆలస్యమైనా చేయవచ్చు. మూడవదానికి మిగిలిన వ్యవధి చాలా తక్కువ.